పుట్టింటి చిరునామా, మెట్టినింటి నీళ్లు: ప్రకాశం జిల్లాలో ఒక కామెర్ల కేసు

ఊరు, వీధి, మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాం. తేదీలు కూడా ఇవ్వడం లేదు. నీళ్లు కలుషితం కావడం మొదలైన రోజును (అది ఏ రోజో తర్వాతే తేలింది) 1వ రోజుగా తీసుకుని లెక్క చెబుతున్నాం. అలా చెబితేనే ఈ కేసులో ఆలస్యం ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది.

నేపథ్యం

జిల్లాలో ఒక పెద్ద పంచాయతీ. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ఇక్కడి బోర్లు ఆ గీత దాటినవే. అందుకే సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలినప్పుడు సమ్మర్ స్టోరేజి చెరువు నింపుకుని, ఇసుక వడపోత మీదుగా 90 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, రోజు విడిచి రోజు ఒక్కో లైనుకు 40 నిమిషాలు వదులుతారు. ఈ ట్యాంకు కింద 2,740 మంది ఉన్నారు. తాగడానికి మాత్రం చాలా ఇళ్లలో నీళ్ల శుద్ధి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటారు.

నిఘా వ్యవస్థ సంగతి క్లుప్తంగా. జబ్బులు ఎక్కడ ప్రబలుతున్నాయో కనిపెట్టే ఐడీఎస్పీ కార్యక్రమం జాతీయ స్థాయిలో 2004లో మొదలైంది. కాగితపు వారపు నివేదికల స్థానంలో రోజువారీ నమోదుకు వీలిచ్చే ఐహెచ్ఐపీ పోర్టల్ 2018 నవంబరులో మొదట వచ్చిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏఎన్ఎం ఇంటింటికీ తిరిగి చూసిన లక్షణాలు ఎస్ ఫారంలోకి, డాక్టరు అనుమానించిన జబ్బు పి ఫారంలోకి, ల్యాబు తేల్చినది ఎల్ ఫారంలోకి వెళ్తాయి. కామెర్లకు హెచ్చరిక గీత చాలా కింద ఉంటుంది: వెయ్యి జనాభాలో వేర్వేరు ఇళ్లలో రెండు కేసులు దాటితే చాలు, కదలాలి.

కేసు ఎలా బయటపడింది

41వ రోజున ఎనిమిదో నెల గర్భిణిని జిల్లా స్థాయి ఆసుపత్రికి తెచ్చారు. కళ్లు పచ్చబడి మూడు రోజులైంది. వాంతులు, మగత. రక్తం గడ్డకట్టే సమయం పెరిగింది. హెపటైటిస్ ఇ ఐజీఎం (వైరస్ ఈ మధ్యే సోకిందని చూపే రక్త పరీక్ష) పాజిటివ్. మామూలు మనిషికి ఈ వైరస్ కొన్ని వారాల నీరసంతో తగ్గిపోయే జబ్బే. గర్భం చివరి మూడు నెలల్లో మాత్రం నూటికి ఇరవై, ఇరవై ఐదు మంది తల్లులను తీసుకుపోగలదు. ఈమె బతికింది, బిడ్డ దక్కలేదు. ఒక్క గర్భిణికి ఇ రకం కామెర్లు వచ్చినా, ఆమె వెనక ఆ నీళ్లే తాగిన పదుల మంది ఉన్నారనుకునే బయలుదేరాలి.

ఆసుపత్రి కాగితంలో చిరునామా పుట్టింటిది. ఎల్ ఫారంలోకీ అదే ఎక్కింది. పోర్టల్ మ్యాపు మీద చుక్క పుట్టింటి ఊరి మీద పడింది.

మొదట చేసినది, అది ఎందుకు పనిచేయలేదు

43 నుంచి 45వ రోజు దాకా స్పందన బృందం పుట్టింటి ఊళ్లో పనిచేసింది. ఇల్లిల్లూ తిరిగారు, ఇంకో కామెర్ల కేసు దొరకలేదు. కుళాయిల్లో క్లోరిన్ చూశారు, ఉంది. హెచ్‌టూఎస్ సీసాల్లో (మలం క్రిములుంటే నీళ్లు నల్లబడే పరీక్ష సీసాలు) నీళ్లు పోసి రెండు రోజులు ఉంచారు, ఒక్కటీ నల్లబడలేదు. ట్యాంకు కడిగించి, బ్లీచింగ్ చల్లించి, విడి కేసు అని రాసి వచ్చారు.

పని శ్రద్ధగానే జరిగింది, తప్పల్లా అడిగిన ప్రశ్నలో ఉంది. హెపటైటిస్ ఇ బయటపడటానికి రెండు నుంచి తొమ్మిది వారాలు, చాలామందికి ఐదారు వారాలు పడుతుంది. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లో తేలిపోతుంది కాబట్టి మనిషి ఉన్న ఊరే నీళ్లు తాగిన ఊరు అనుకోవచ్చు. కామెర్లకు ఆ లెక్క పనికిరాదు. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఏడో నెలలో కూతురిని కాన్పుకు పుట్టింటికి తెచ్చుకుంటారు. ఈమె వచ్చింది 12వ రోజున, కళ్లు పచ్చబడింది 38వ రోజున. అంటే వైరస్ ఒంట్లోకి వెళ్లినప్పుడు ఆమె మెట్టినింట్లో ఉండే అవకాశమే ఎక్కువ. "గత రెండు నెలల్లో ఎక్కడెక్కడ ఉన్నావమ్మా?" అనే ఒక్క ప్రశ్న కేస్ షీటులో లేకపోవడంతో వారం పోయింది.

48వ రోజున ఇంకో రెండు చుక్కలు పడ్డాయి. ఒకటి ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకునే కుర్రాడిది, రెండోది వేరే మండలంలో ఇళ్ల పని చేస్తున్న తాపీమేస్త్రీది. మూడు చుక్కలు, మూడు చోట్లు. పోర్టల్ దృష్టిలో మూడు విడి కేసులే. జిల్లా నిఘా విభాగంలోని ఎపిడెమియాలజిస్టు (జబ్బులు పాకే తీరు చూసే నిపుణులు) ముగ్గురి ఇళ్లకూ ఫోను చేసి గత తొమ్మిది వారాల లెక్క అడిగించారు. కుర్రాడు పండక్కి ఇంటికొచ్చి పది రోజులున్నాడు. మేస్త్రీ సొంతూరు అదే. ముగ్గురూ ఒకే పంచాయతీ, ఒకే పడమటి వీధి.

సున్నా అంటే ఏమిటి

ఆ పంచాయతీ ఎస్ ఫారం తీస్తే ఆరు వారాలుగా కామెర్లు సున్నా. నివేదిక పంపకపోవడం వేరు, సున్నా అని పంపడం వేరు. ఇక్కడ క్రమం తప్పకుండా సున్నాలు వచ్చాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఏఎన్ఎం కావాలని దాచిందేమీ లేదు. ఆమె అడిగింది, వాళ్లు లేదన్నారు.

మన పల్లెల్లో పచ్చకామెర్లు ఇంగ్లీషు మందుకు లొంగే జబ్బు కాదని నమ్మకం. పసరు తాగిస్తారు, కొన్నిచోట్ల ముంజేతి మీద వాత పెడతారు, ఉప్పూ నూనే లేని పథ్యం పెడతారు. ఈ సంగతి ఆసుపత్రి మనిషికి చెబితే తిడతారని భయం. 51వ రోజు ఉదయం మొదటి వీధిలో "కామెర్లు ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగితే ఇరవై ఇళ్లలో ఒక్కటి దొరికింది. మధ్యాహ్నానికి ప్రశ్న మార్చారు. ఆశా కార్యకర్త ఒక ముసలామెను అడిగింది:

"అవ్వా, మీ వీధిలో పథ్యం ఎవరు చేస్తున్నారు?"

"మా మనవడు చేస్తున్నాడు. ఎదురింటి కోడలూ, ఆ పక్క పాలాయన కొడుకూ అందరూ ఒకే ఆటోలో పోయి పసరు తాగొచ్చారు గదమ్మా."

అక్కణ్నుంచి సర్వే దారి మారింది. పసరు తాగినవాళ్లు, చప్పిడి తింటున్నవాళ్లు, ముంజేతి మీద కొత్త వాత ఉన్నవాళ్లు, నెలన్నరలో మూత్రం ముదురు పసుపుగా పోసినవాళ్లు, ఈ నాలుగూ అడిగారు. పసరు ఇచ్చే ఆయన దగ్గరికి కూడా వెళ్లారు. ఆయన్ని తప్పుపట్టకుండా, ఏ ఊరి నుంచి ఎందరు వచ్చారో మాత్రం అడిగారు. ఆయన జ్ఞాపకం చాలా రిజిస్టర్ల కంటే నయం.

మూడు రోజుల్లో 38 కేసులు తేలాయి. వాటిలో పోర్టల్‌లో ఉన్నవి మూడే.

ల్యాబు ఫలితం రాకముందు నిర్ణయం

ఇలాంటప్పుడు నీళ్ల మీదికి దూకే ముందు మిగతా దారులు మూసుకోవాలి. ఊళ్లో ఒక ఆర్ఎంపీ దగ్గర అందరూ సూదులు వేయించుకుంటుంటే హెపటైటిస్ బి కావచ్చు. పొలాల్లో దిగేవాళ్లకే, గట్టి జ్వరంతో, పిక్కల నొప్పులతో వస్తే ఎలుక జ్వరం కావచ్చు. ఇక్కడ కేసుల్లో ఆడవాళ్లు, చదువుకునే పిల్లలు, దుకాణాలవాళ్లు కలిసి ఉన్నారు. సూదుల చరిత్ర అందరికీ లేదు. ఎక్కువమంది 15 నుంచి 40 ఏళ్లవాళ్లు. ఎ రకం అయితే చిన్నపిల్లల్లో ఎక్కువ కనిపించాలి. ఇంకో గుర్తు: దాదాపు ప్రతి ఇంట్లో ఒక్కరికే వచ్చింది. ఇ రకం ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకడం తక్కువ. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరికి వచ్చి, వీధంతా పరుచుకుందంటే అందరికీ ఉమ్మడిగా చేరేది ఏదో ఉంది. పది మంది రక్తం (ఒక్కొక్కరి నుంచి 5 మి.లీ., సీరం వేరుచేసి 2 నుంచి 8 డిగ్రీల చలిపెట్టెలో) ఎలైజా అనే రక్త పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా నీళ్ల పని మొదలుపెట్టారు. నాలుగు రోజులకు ఎనిమిది మందికి ఇ రకం ఐజీఎం పాజిటివ్ వచ్చింది, ఎ రకం ఎవరికీ లేదు.

కేసులను వీధుల వారీగా వేసిన మ్యాపు పెద్దగా చెప్పలేదు. వాల్వు తిప్పే మనిషిని కూర్చోబెట్టి, ఏ ఇల్లు ఏ లైను మీద ఉందో అడిగి మళ్లీ వేశారు. పడమటి లైను మీద 640 మందిలో 29 కేసులు, అంటే నూటికి నాలుగున్నర. మిగతా లైన్ల మీద 2,100 మందిలో 9, అంటే నూటికి అర కూడా లేదు. తేడా పది రెట్లు. ఆ తొమ్మిదిలో ఆరుగురు పడమటి వీధి టిఫిన్ కొట్టులోనో చుట్టాల ఇంట్లోనో తరచూ తినేవాళ్లు.

రెండు పొరపాటు దారులు

"మేం క్యాన్ నీళ్లే తాగుతాం సార్." ప్రతి ఇంట్లో ఇదే మాట. దాంతో ఒకటిన్నర రోజు ప్లాంట్ల చుట్టూ తిరిగారు. శాంపిళ్లు బాగున్నాయి. కేసుల ఇళ్లను, పక్కనున్న జబ్బులేని ఇళ్లను పోల్చినా క్యాన్ వాడకం రెండింట్లోనూ ఒకటే. తర్వాత "తాగే నీళ్లు" అన్న మాటే వదిలేసి, తెల్లారినప్పటి నుంచి ఏ పనికి ఏ నీళ్లు వాడతారో అడిగారు. క్యాన్ నీళ్లు డబ్బు పెట్టి కొన్నవి కాబట్టి గ్లాసుతో తాగడానికే. పళ్లు తోమి పుక్కిలించడం, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచడం, పెరుగు చిలికి మజ్జిగ చేయడం, కొత్తిమీర కడగడం అన్నీ కుళాయి నీళ్లతోనే. ఎండాకాలం చద్దన్నం, పల్చటి మజ్జిగ లేని ఇల్లు లేదు. వీటిలో ఏదీ కాగేది కాదు.

రెండోది బ్లీచింగ్. కామెర్లు అనగానే ట్యాంకులో మోతాదు పెంచమని ఆదేశం వచ్చింది. లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ కావాలంటే 90 వేల లీటర్లకు 180 గ్రాముల క్లోరిన్ కావాలి. పొడిలో 25 శాతం ఉందనుకుని 720 గ్రాములు కలిపారు. తీరా సంచి తెరిచి నెలలైంది, గడ్డలు కట్టింది, ల్యాబులో కొలిస్తే 14 శాతమే. నిజంగా పడింది లీటరుకు 1.1 మి.గ్రా. ఆ పొడితో 2 మి.గ్రా. రావాలంటే కిలో 285 గ్రాములు వేయాలి. సంచి మీద ముద్రించిన శాతాన్ని నమ్మి లెక్క వేయకూడదు. మూత బిగిసే డబ్బాలో, నీడలో పెట్టకపోతే మన ఎండలకు బ్లీచింగ్ బలం త్వరగా పోతుంది.

అయితే ఇక్కడ బ్లీచింగ్ సరిగ్గా కలిపినా పని జరిగేది కాదు. మురుగు చేరుతున్నది ట్యాంకు దాటాక. ఎక్కువ మురుగు ఒక్కసారి చేరితే ఉన్న క్లోరిన్ దానికే ఖర్చైపోతుంది, వైరస్ దగ్గరికి వచ్చేసరికి మిగలదు. ఢిల్లీలో 1955-56లో దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చినప్పుడు జరిగింది కూడా ఆలోచించదగ్గదే. యమున నీళ్లలో మురుగు కలిసిందని క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్, విరేచనాలు పెరగలేదు, కామెర్లు మాత్రం ఆగలేదు. బాక్టీరియా పరీక్ష బాగుందంటే వైరస్ లేదని కాదు.

ఏది పనిచేసింది

శాంపిలు తీసే తీరు మార్చడం. మామూలు పద్ధతిలో కుళాయి మూతి శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు పారబోసి సీసా పడతాం. ట్యాంకు నీళ్లు ఎలా ఉన్నాయో తెలియాలంటే అదే సరైన పద్ధతి. లైనులోకి మురుగు ఎక్కడ చేరుతోందో తెలియాలంటే మాత్రం ఆ పారబోసిన నీళ్లే కావాలి. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది, బయటి నీరు సందుల్లోంచి లోపలికి చేరుతుంది, మళ్లీ వదిలినప్పుడు మొదటి ధారలో అదే వస్తుంది. పడమటి లైనులో ఎనిమిది కుళాయిల దగ్గర రెండేసి సీసాలు పట్టారు: ఒకటి నీళ్లు మొదలైన క్షణంలో, ఇంకొకటి 20 నిమిషాలకు. క్లోరిన్ ఉన్న నీళ్లు కాబట్టి ల్యాబుకు పంపే సీసాల్లో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచారు. అది లేకపోతే దారిలో క్లోరిన్ పనిచేసి ఫలితం తప్పుగా బాగుంటుంది. 20 నిమిషాల సీసాల్లో ఒక్కటీ నల్లబడలేదు, క్లోరిన్ 0.5 కనిపించింది. మొదటి ధార సీసాల్లో ఐదు నల్లబడ్డాయి. ఐదూ పల్లంలోని ఇళ్లవే.

ఆ ఇళ్ల దగ్గర ఒత్తిడి చాలక కుళాయిని నేలమట్టానికి కిందికి దించి గుంట తీసుకున్నారు. గుంటలో నీళ్లు నిలుస్తాయి. మెరక ఇళ్లవాళ్లు మోటార్లు పెట్టి లాగుతారు. సరఫరా చివరి పది నిమిషాల్లో లైన్‌మన్ పల్లపు కుళాయి మూతికి అరచెయ్యి ఆనించి చూశాడు, చెయ్యి లోపలికి పీల్చుకుంది. గ్లాసులో నీళ్లు పట్టి మూతికి ఆనిస్తే గ్లాసు ఖాళీ అయింది. పరికరం అక్కర్లేని పరీక్ష ఇది. దీనికి మించిన రుజువు ఊరివాళ్లకు ఏదీ చూపించలేం. అప్పటిదాకా వాదించిన మెరకవాళ్లు ఆ గ్లాసు చూశాక మోటార్లు తీశారు.

వీధి పొడవునా సైడు కాలువ. దాన్ని దాటి ఇళ్లలోకి వెళ్లే ఇనుప పైపులు ఐదు చోట్ల మురుగులో మునిగి ఉన్నాయి. రెండు పగిలాయి. పగులు కొత్తది. పంచాయతీ బిల్లుల పుస్తకంలో కాలువ పూడిక తీతకు జేసీబీ బాడుగ దొరికింది. ఆ తేదీనే ఈ రాతలో 1వ రోజు.

58వ రోజుకల్లా ఐదు పైపులూ మార్చారు. ఇనుము బదులు గట్టి ప్లాస్టిక్ రకం హెచ్‌డీపీఈ, కాలువ పైన ఎత్తుగా, బయట ఇంకో పెద్ద గొట్టం తొడుగుతో. లైను చివర వాష్ అవుట్ (పైపులోని నీళ్లు బయటికి వదిలే వాల్వు) తెరిచి ప్రతి విడతలో మొదటి పావుగంట నీళ్లు పారబోశారు. ఈ లోపు ఇళ్లకు 20 లీటర్లకు ఒకటి చొప్పున క్లోరిన్ బిళ్లలు ఇచ్చారు, పుక్కిలింతకూ మజ్జిగకూ కాచిన నీళ్లే వాడమన్నారు. ఆ లైను మీద ఉన్న 14 మంది గర్భిణుల జాబితా తీసి, పుట్టింటికి వెళ్లినవాళ్లతో సహా, వారానికి రెండుసార్లు ఫోను చేసి కళ్లు, మూత్రం రంగు అడిగారు. ఒకామెకు 66వ రోజున కామెర్లు వచ్చాయి, అదే రోజు ఆసుపత్రిలో చేరింది, తల్లీబిడ్డా క్షేమం.

తర్వాత కనిపించినవి

పాత ఎస్ ఫారాలు తిరగేస్తే 4 నుంచి 10వ రోజు మధ్య విరేచనాల కేసులు కాస్త పెరిగినట్టు ఉంది. ఒక ఏఎన్ఎం పరిధిలో 7 ఇళ్లు, పక్క ఏఎన్ఎం పరిధిలో 6. ఒకే ఊళ్లో పది ఇళ్లు దాటితే హెచ్చరిక మోగాలి. 13 ఇళ్లూ ఒకే పైపు మీదివి, కానీ సచివాలయాల హద్దు వీధి మధ్యగా పోవడంతో రెండు ముక్కలై రెండూ గీత కిందే ఉండిపోయాయి. మురుగులోని మామూలు క్రిములు రోజుల్లో విరేచనాలు తెస్తాయి, వైరస్ వారాల తర్వాత కామెర్లు తెస్తుంది. ఆ మొదటి వారంలోనే లైను చూసి ఉంటే ఆ తల్లికి బిడ్డ దక్కేదేమో. ఈ కేసు రాయడానికి కారణం ఆ ఆరేడు ఇళ్ల లెక్కే.

అందుకే ఆ రెండు పరిధుల్లో ఏఎన్ఎంల రిజిస్టర్లో ఇంటి నంబరు పక్కన వాల్వు నంబరు గడి చేర్చారు. పోర్టల్‌లో ఆ గడి లేదు. వారం చివర ఇద్దరూ ఫోనులో వాల్వుల వారీగా విరేచనాలు కలిపి చూసుకుంటారు, పది నిమిషాల పని. జిల్లాలో కామెర్ల కేస్ షీటు మీద "గత తొమ్మిది వారాల్లో ఎక్కడెక్కడ ఉన్నారు" అనే వరుస చేర్చారు. గర్భిణి అయితే మెట్టినింటి ఊరు తప్పనిసరిగా రాస్తారు.

మరమ్మతు తర్వాత కూడా కేసులు వస్తాయని ముందే చెప్పడం చాలా అవసరం. 58వ రోజుకు ముందు తాగిన నీళ్లకు 120వ రోజు దాకా కళ్లు పచ్చబడవచ్చు. గ్రామసభలో ఈ లెక్క బోర్డు మీద రాసి చెప్పారు. 75వ రోజున కేసులు తగ్గాయి కదా, ఘటన మూసేయండని ఒత్తిడి వచ్చినప్పుడు ఆ లెక్కే కాపాడింది. చివరి కేసు 99వ రోజున వచ్చింది. మొత్తం 52.

పడమటి వీధిలో 17 కుళాయి గుంటలు ఉండేవి. 11 పూడ్చి కుళాయిలు నేల మీదికి ఎత్తారు. ఆరు ఇళ్లు బాగా పల్లంలో ఉన్నాయి, కుళాయి ఎత్తితే చుక్క రావడం లేదు. వాటికి వేరే వాల్వుతో చిన్న లైను వేయాలి. అంచనా రాసి పంపారు. అది వచ్చేదాకా ఆ ఆరు ఇళ్ల మొదటి ధారను ఏఎన్ఎం వారానికోసారి సీసాలో పట్టి, నల్లబడుతుందేమో రెండు రోజులు చూస్తోంది.